ఉద్యోగంతో ముడిపడిన ఆరోగ్య బీమా: అమెరికాలో సంస్కరణ ఎటు సాగాలి?

తుంగభద్ర (టెక్సస్)

సభ్యులందరికీ నమస్కారం. 2010 నాటి ఆరోగ్య బీమా చట్టమైన ఒబామాకేర్ కింద నడిచే మార్కెట్‌ప్లేస్‌లో సొంతంగా బీమా కొనుక్కునేవారికి 2021 నుంచి అందుతున్న అదనపు సబ్సిడీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. దాన్ని పొడిగిస్తేనే బడ్జెట్‌కు ఓటు వేస్తామని డెమోక్రాట్లు, ముందు ప్రభుత్వాన్ని నడవనిస్తే ఆ సంగతి తర్వాత చూద్దామని రిపబ్లికన్లు పట్టుబట్టడంతో 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులపాటు ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది. లక్షలాది ఉద్యోగులు జీతాలు అందక అవస్థపడిన తర్వాత కూడా ఆ సబ్సిడీ నిలవలేదు. ఆ పోరాటం చిన్నదని నేను అనను. అయితే దాని వెనుక ఇంతకంటే పాత ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని రెండు పార్టీలూ తప్పించుకు తిరుగుతున్నాయి. ఒక మనిషికి వైద్యం అందడం అతను ఏ కంపెనీలో పనిచేస్తున్నాడన్న దానిపై ఎందుకు ఆధారపడాలి?

ఈ దేశంలో 15 కోట్ల మందికి పైగా యజమాని ఇచ్చే బీమా మీదే బతుకుతున్నారు. 2024లో కుటుంబ బీమాకు సగటు వార్షిక ప్రీమియం 25,572 డాలర్లు కాగా, అందులో ఉద్యోగి జీతంలోంచి కోతపడేది 6,296 డాలర్లు. మిగిలినది కంపెనీ ఉదారంగా ఇస్తోందని మనం అనుకుంటాం కాని, అది మన జీతంలో కలవకుండా పక్కదారి పట్టిన సొమ్మేనని ఆర్థికవేత్తల్లో చాలామంది అంటారు. ఉద్యోగం పోయినప్పుడు కోబ్రా అనే చట్టం కింద అదే బీమాను కొనసాగించాలంటే మొత్తం ప్రీమియంతో పాటు దానిపై మరో 2 శాతం మనమే కట్టాలి. సగటు కుటుంబానికి అది నెలకు 2,100 డాలర్లు దాటుతుంది. హెచ్1బీ వీసాపై ఉన్నవారికైతే అదే సమయంలో కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికో దేశం విడవడానికో 60 రోజుల గడువు కూడా మొదలవుతుంది. జీతం, వీసా, వైద్యం ఒకే ఉత్తరంతో పోతాయి. సంస్కరణ అంటే ముందు ఈ ముడిని విప్పడమని నా వాదన. మీ అభిప్రాయాలు తెలపండి.

లెక్కల మాస్టారు (న్యూజెర్సీ)

తుంగభద్ర గారూ, ఈ ముడిని ఎవరూ ఒక చోట కూర్చుని ఆలోచించి వేయలేదన్నది ముందుగా గుర్తించాలి. 1929లో డల్లాస్‌లోని బేలర్ ఆసుపత్రి అక్కడి ఉపాధ్యాయులతో ఒక ఒప్పందం చేసుకుంది. నెలకు 50 సెంట్లు కడితే ఏడాదికి 21 రోజుల వరకు ఆసుపత్రిలో ఉచితంగా చేర్చుకుంటామన్నది దాని సారాంశం. బ్లూ క్రాస్ పుట్టింది అక్కడే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ధరలు అదుపు తప్పకుండా 1942 చట్టంతో జీతాల పెంపుపై ఆంక్షలు పెట్టారు. పనివాళ్లు దొరకని ఆ రోజుల్లో, జీతం పెంచలేని కంపెనీలు బీమా ఇస్తామని మనుషులను ఆకర్షించాయి. తర్వాత 1954 ఆదాయపు పన్ను చట్టం, యజమాని కట్టే ప్రీమియాన్ని ఉద్యోగి ఆదాయంగా లెక్కించనక్కరలేదని స్థిరపరిచింది. యుద్ధం ముగిసి 80 ఏళ్లు దాటినా ఆ కాలపు ఏర్పాటు మాత్రం మిగిలిపోయింది.

పన్ను మినహాయింపు ఎవరికి ఎక్కువ మేలు చేస్తుందో కూడా చూడండి. 37 శాతం శ్లాబులో ఉన్న అధికారికి కంపెనీ బీమా వల్ల ఆదా అయ్యే పన్నుతో పోలిస్తే, 12 శాతం శ్లాబులో ఉన్న గిడ్డంగి కార్మికుడికి ఆదా అయ్యేది మూడో వంతు కూడా కాదు. కంపెనీ బీమాయే ఇవ్వని చోట పనిచేసేవారికి దక్కేది శూన్యం. మార్కెట్‌ప్లేస్ సబ్సిడీని ప్రభుత్వ భారమని తిట్టేవారు, అంతకంటే చాలా పెద్దదైన ఈ మినహాయింపును సబ్సిడీగానే గుర్తించరు.

రాజకీయంగా దీని ఫలితం ఇంకా లోతైనది. 1945లో అధ్యక్షుడు ట్రూమన్ దేశవ్యాప్త ఆరోగ్య బీమాను ప్రతిపాదించినప్పుడు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దాన్ని సోషలిస్టు వైద్యమని ప్రచారం చేసి ఆపింది. 1965 జూలై 30న అధ్యక్షుడు జాన్సన్ వృద్ధుల కోసం మెడికేర్, పేదల కోసం మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమాలను తెచ్చిన చట్టంపై ట్రూమన్ సొంత ఊరు ఇండిపెండెన్స్‌లో సంతకం చేసి, మొదటి మెడికేర్ కార్డు ఆ పెద్దాయన చేతికే ఇచ్చాడు. అది గొప్ప విజయమే. అయితే ఆ రోజుతో వృద్ధులకు ఒక దారి, పేదలకు ఒక దారి, ఉద్యోగులకు ఒక దారి ఏర్పడ్డాయి. అందరి అవసరమూ ఒకటే అని నిలబడవలసిన జనం మూడుగా విడిపోయారు.

మంజీర (జార్జియా)

నేను చిన్న కన్సల్టింగ్ సంస్థ నడుపుతున్నాను. 50 మంది లోపు ఉద్యోగులున్న నాబోటి సంస్థకు బీమా ఇవ్వాలన్న నిర్బంధం చట్టంలో లేదు, అయినా ఇవ్వకపోతే మంచి మనుషులు నిలవరు. ఏటా రెన్యువల్ సమయంలో వచ్చే ప్రీమియం పెంపు చూసి, ఆ ఏడాది ఎవరి జీతం ఎంత పెంచాలన్నది తేల్చుకోవలసి వస్తోంది. అందువల్ల ముడి విప్పాలన్న మాటతో నాకు పేచీ లేదు. విప్పిన తాడును ప్రభుత్వం చేతిలో పెట్టాలంటేనే అభ్యంతరం.

2008 ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్ చెప్పింది ఇదే. కంపెనీ బీమాకున్న పన్ను మినహాయింపును తీసేసి, ఒంటరి వ్యక్తికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు పన్ను క్రెడిట్‌గా నేరుగా ఇచ్చి, ఎవరి బీమా వారిని కొనుక్కోనివ్వమన్నాడు. మీ బీమాపై పన్ను వేస్తున్నాడని ఒబామా వర్గం ప్రచారం చేసింది. ఆ తర్వాత ఖరీదైన కంపెనీ బీమాలపై 40 శాతం పన్ను వేసే నిబంధనను ఒబామాకేర్‌లో చేర్చింది కూడా వారే. అది ఒక్క రోజు కూడా అమలు కాకుండానే 2019 డిసెంబరులో రెండు పార్టీల ఓట్లతో రద్దయింది. కార్మిక సంఘాలు, కంపెనీలు, బీమా సంస్థలు అన్నీ ఒకే వైపు నిలబడితే ఈ దేశంలో ఏ సంస్కరణా సాగదని చెప్పడానికి అదే నిదర్శనం.

అదనపు సబ్సిడీ విషయంలోనూ నా మాట సూటిగా చెబుతాను. ప్రీమియం ఎంత పెరిగినా ఆదాయంలో 8.5 శాతానికి మించి మీరు కట్టనక్కరలేదు, మిగిలింది ఖజానా భరిస్తుందని 2025 వరకు ఉన్నప్పుడు, ధర తగ్గించవలసిన అవసరం బీమా సంస్థకు ఎక్కడుండేది? ఆ సొమ్ము రోగి చేతికి రాలేదు, నేరుగా సంస్థ ఖాతాకే పోయింది. వృద్ధుల ప్రీమియం యువకుల ప్రీమియానికి మూడు రెట్లు మించకూడదన్న నిబంధన వల్ల 25 ఏళ్ల ఆరోగ్యవంతుడు తన ఖర్చుకు మించి కడుతున్నాడు. బీమా లేనివారిపై జరిమానాను 2017 పన్ను చట్టం 2019 నుంచి సున్నా చేశాక, అతను బీమా మానేయడానికి అడ్డేమీ లేదు.

పల్లె వైద్యుడు (అలబామా)

మంజీర గారి వాదనలో నిజాయితీ ఉంది. అయితే ఇక్కడ మాట్లాడుతున్న వారందరూ బీమా ఉన్నవారే కనుక, లేనివారి మధ్య పనిచేసే నా అనుభవాన్ని చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. మనవాళ్లు చాలామందిలాగే నేను కూడా జే1 వీసాపై రెసిడెన్సీ పూర్తిచేసి, స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న షరతు నుంచి వెయివర్ (మినహాయింపు) కోసం వైద్యులు దొరకని కౌంటీకి వచ్చి, ఇక్కడే ఉండిపోయాను.

2012 జూన్‌లో సుప్రీంకోర్టు ఒబామాకేర్‌ను 5-4 తీర్పుతో నిలబెట్టినా, తక్కువ ఆదాయమున్న పెద్దవారందరికీ మెడికెయిడ్ ఇచ్చే విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. విస్తరణ ఖర్చులో 90 శాతం కేంద్రమే భరిస్తానన్నా పది రాష్ట్రాలు నేటికీ ఒప్పుకోలేదు. నా అలబామా, తుంగభద్ర గారి టెక్సస్, మంజీర గారి జార్జియా మూడూ ఆ జాబితాలోనే ఉన్నాయి. ఈ రాష్ట్రాల్లో చాలాచోట్ల పిల్లలు లేని పేదవాడికి మెడికెయిడ్ రాదు, అతని ఆదాయం పేదరిక రేఖకు దిగువన ఉంటే మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ కూడా రాదు. మరీ పేదవాడు కావడమే అతని అనర్హత అవుతోంది. షుగర్‌కు మందులు కొనలేక, కాలి పుండు ముదిరి, చివరికి ఎమర్జెన్సీకి వచ్చినవారిని నేను తరచూ చూస్తుంటాను. 1986 నాటి ఎమ్‌టాలా చట్టం ప్రకారం ఆసుపత్రి అతన్ని పరీక్షించి, ప్రాణాపాయం తప్పించే వైద్యం చేయాలి. పుండు పుట్టిన నాడు కొన్ని డాలర్ల మందుతో పోయేదానికి వేల డాలర్ల శస్త్రచికిత్స చేస్తాం, ఆ బిల్లు వసూలు కాదు, ఆసుపత్రి నష్టాల్లోకి జారుతుంది. ఇది పొదుపు ఎలా అవుతుంది?

2025 జూలై 4న సంతకమైన చట్టం, మెడికెయిడ్ విస్తరణ కింద ఉన్న పెద్దవారు నెలకు 80 గంటలు పనిచేసినట్టు రుజువు చూపాలని 2027 నుంచి షరతు పెట్టింది. ఈ చట్టం మొత్తం వల్ల 2034 నాటికి బీమా లేనివారు మరో కోటి మంది పెరుగుతారని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. ఇలాంటి షరతును 2018లో ఆర్కన్సాస్ అమలు చేసినప్పుడు, కోర్టు ఆపేలోగా 18,000 మందికి పైగా బీమా కోల్పోయారు. ఉద్యోగాలు పెరిగిన దాఖలా మాత్రం పరిశోధకులకు కనిపించలేదు. పని చేస్తూ కూడా ఆన్‌లైన్‌లో వివరాలు నమోదు చేయలేక పోగొట్టుకున్నవారు వారిలో ఎందరో ఉన్నారు.

మంజీర (జార్జియా)

డాక్టర్ గారూ, మీ సేవకు నమస్కరిస్తూనే నా మాట చెబుతాను. ఆరోగ్యవంతుడైన, పిల్లల బాధ్యత లేని పెద్ద మనిషికి పన్ను చెల్లింపుదారుల సొమ్ముతో బీమా ఇచ్చేటప్పుడు కొంత పని చేయమనడం అన్యాయం కాదు. 13 ఏళ్లు, అంతకు లోపు పిల్లలున్న తల్లిదండ్రులకు, వికలాంగులకు చట్టంలో మినహాయింపు ఉంది. గ్రామీణ ఆసుపత్రుల కోసం అయిదేళ్లకు 5,000 కోట్ల డాలర్ల నిధి కూడా అదే చట్టంలో ఉంది. ఫారాలు నింపడం కష్టమైతే ఫారాలను సులభం చేయండి, షరతునే తీసేయమనడం సరికాదు.

పల్లె వైద్యుడు (అలబామా)

ఫారాలను సులభం చేయడం మీ రాష్ట్రమే చేసి చూపవలసింది. 2023 జూలైలో జార్జియా పని షరతుతో ప్రారంభించిన పథకంలో మొదటి ఏడాది చేరినవారు 5,000 మంది కూడా లేరు. అర్హులు అంతకు ఎన్నో రెట్లు ఉన్నారు. నెలనెలా గంటలు లెక్క చెప్పుకోవడం జీతపు చీటీ వచ్చే ఉద్యోగికి తేలిక. రోజుకొకరి పొలంలో, వారానికొక ఇంట్లో పనిచేసేవారికి ఆ చీటీ ఎవరిస్తారు? పని చేసేవారికే బీమా అన్న ఆలోచన ఉద్యోగుల నుంచి ఇప్పుడు మెడికెయిడ్‌కు కూడా పాకింది. తుంగభద్ర గారు విప్పాలంటున్న ముడిని పేదల మెడకు కొత్తగా వేస్తున్నాం.

సత్యాన్వేషి (కాలిఫోర్నియా)

ఇంతసేపూ ఎవరికి ఎంత సబ్సిడీ అన్న చర్చే సాగింది. 2023లో ఈ దేశం ఆరోగ్యంపై చేసిన ఖర్చు 4.9 లక్షల కోట్ల డాలర్లు, అంటే స్థూల దేశీయోత్పత్తిలో 17.6 శాతం, తలకు 14,570 డాలర్లు. ఇంత ఖర్చుపెట్టి కూడా సుమారు 2 కోట్ల 60 లక్షల మందికి బీమా లేదు. ఇంతకంటే చాలా తక్కువ ఖర్చుతో తైవాన్ 1995లోనే తన ప్రజలందరినీ ఒకే ప్రభుత్వ బీమా కిందికి తెచ్చింది. సెనేటర్ బెర్నీ సాండర్స్ ప్రతిపాదిస్తున్న అందరికీ మెడికేర్ అదే దారి. ప్రీమియం ఉండదు, డిడక్టబుల్ (బీమా సంస్థ కట్టడం మొదలుపెట్టేలోగా మనమే భరించే మొత్తం) ఉండదు, ఏ డాక్టరు బీమా సంస్థ ఒప్పందమున్న నెట్‌వర్క్‌లో ఉన్నాడన్న బెంగ ఉండదు, ఉద్యోగం మారితే బీమా మారదు. 65 ఏళ్లు నిండినవారికి పనికొచ్చే పద్ధతి 64 ఏళ్లవారికి ఎందుకు పనికిరాదో ఎవరైనా వివరిస్తే వినాలని ఉంది.

లెక్కల మాస్టారు (న్యూజెర్సీ)

గమ్యం విషయంలో నేను సత్యాన్వేషి గారి పక్షమే. దారి విషయంలో వెర్మాంట్ అనుభవాన్ని మరిచిపోకూడదంటాను. సాండర్స్ సొంత రాష్ట్రం 2011లో అందరి వైద్య ఖర్చునూ ప్రభుత్వమే చెల్లించే ఏక చెల్లింపు విధానానికి చట్టం చేసింది. గవర్నర్ పీటర్ షమ్లిన్ మనస్ఫూర్తిగా నమ్మిన పథకం అది. లెక్కలు వేసి చూస్తే యజమానులపై 11.5 శాతం జీతాల పన్ను, కుటుంబాలపై 9.5 శాతం వరకు ఆదాయపు పన్ను అవసరమని తేలింది, 2014 డిసెంబరులో ఆయనే దాన్ని విరమించుకున్నాడు. ఆ పన్నులు కట్టే కుటుంబానికి ప్రీమియం తప్పుతుంది కనుక చాలామందికి చివరికి లాభమే కావచ్చు. కాని ప్రీమియం కంపెనీ లెక్కల్లో దాగి ఉంటుంది, పన్ను మాత్రం జీతపు చీటీ మీద కనిపిస్తుంది. ఓటరు కనిపించేదాన్ని చూసి భయపడతాడు.

స్విట్జర్లాండ్‌ను కూడా చూడమని మనవి. అక్కడ 1996 నుంచి ప్రతి వ్యక్తీ ప్రైవేటు బీమా కొనుక్కుని తీరాలి, యజమానితో సంబంధం లేదు, రోగమున్నా ప్రాథమిక బీమాను ఏ సంస్థా నిరాకరించరాదు, ఆదాయం చాలనివారికి ప్రభుత్వం సాయం చేస్తుంది. మంజీర గారు కోరే మార్కెట్టూ, మీరు కోరే సార్వత్రికతా రెండూ అందులో ఉన్నాయి. ముడి విప్పడానికి ఒకే మార్గం ఉందనుకోవడం వల్లే మనం ఎప్పటికప్పుడు మొదటికి వస్తున్నాం.

కిన్నెరసాని (ఒహాయో)

నేను ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో పనిచేస్తాను. డబ్బు ఎవరు కట్టాలన్న చర్చలో, ఎంత కట్టాలన్న ప్రశ్న వెనక్కి పోతోంది. ఒకే వైద్యానికి మెడికేర్ ఒక ధర ఇస్తుంది, మెడికెయిడ్ అంతకంటే తక్కువ ఇస్తుంది, కంపెనీ బీమా మెడికేర్ ధరకు సగటున రెండున్నర రెట్లు ఇస్తుంది. రాండ్ పరిశోధన సంస్థ 2022 లెక్కల్లో అది 254 శాతం. మోకాలి ఎమ్మారైకి ఏ ధర పడుతుందన్నది మోకాలిని బట్టి కాక, చేతిలోని కార్డును బట్టి తేలుతుంది. ఒక ప్రాంతంలోని ఆసుపత్రులన్నీ ఒకే గొడుగు కిందికి చేరిపోయాక, బీమా సంస్థ వాటితో బేరమాడే శక్తి కోల్పోతుంది. మంజీర గారి పన్ను క్రెడిట్ అయినా, సత్యాన్వేషి గారి మెడికేర్ అయినా, ఈ ధరల జోలికి పోకపోతే డబ్బు చాలదు.

ధరల జోలికి పోయిన సంస్కరణలు కొన్ని ఫలించాయి కూడా. 2022 చట్టం మెడికేర్‌లో ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్ల పరిమితి పెట్టింది, మందులపై రోగి ఏడాదికి కట్టే మొత్తానికి 2025లో 2,000 డాలర్ల హద్దు గీసింది. మెడికేర్ బేరమాడి తగ్గించిన తొలి పది మందుల ధరలు 2026 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. 2022 నుంచి అమలవుతున్న నో సర్‌ప్రైజెస్ చట్టం వల్ల, ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి వైద్యుడు చూశాడని వచ్చే పిడుగులాంటి బిల్లులు చాలావరకు ఆగాయి. రోడ్డు మీద నడిచే అంబులెన్సును మాత్రం ఆ చట్టంలో చేర్చలేదు, దానిపై ఇప్పటికీ బిల్లులు వస్తూనే ఉన్నాయి.

మరో మాట కూడా సభ్యుల దృష్టికి తేవాలి. ఫెడరల్ మార్కెట్‌ప్లేస్ బీమాలలో 2023లో నెట్‌వర్క్ లోపలి క్లెయిముల్లో 19 శాతం తిరస్కరణకు గురయ్యాయి. వాటిపై అప్పీలు చేసినవారు నూటికి ఒక్కరు కూడా లేరు. అప్పీలును సంస్థ కాదంటే, బయటి నిపుణుల సమీక్ష కోరే హక్కును ఒబామాకేర్ ఇచ్చింది. మనవాళ్లు చదువుకున్నవారు అయివుండి కూడా ఉత్తరం చూసి డబ్బు కట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా అడగండి, మీ డాక్టరుతో వైద్య అవసరాన్ని వివరిస్తూ లేఖ రాయించండి.

గోస్తని (విశాఖపట్నం)

మీ చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి, మా అబ్బాయి నార్త్ కరోలినాలో ఉన్నాడు, మాకు గ్రీన్‌కార్డు వేస్తానంటున్నాడు. మా ఆవిడకు గుండె జబ్బు ఉంది. ఇక్కడ 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు కూలివాడు కార్పొరేట్ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ చేయించుకోవడం కళ్లారా చూశాను. అంతటి సంపన్న దేశంలో మావంటి వారి పరిస్థితి ఏమిటో తెలపగలరా?

లెక్కల మాస్టారు (న్యూజెర్సీ)

మాస్టారూ, 65 ఏళ్లు దాటి గ్రీన్‌కార్డుపై వచ్చినవారు అయిదేళ్లు ఎడతెగకుండా ఇక్కడ నివసించిన తర్వాతే ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరగలరు. ఆ అయిదేళ్లూ మార్కెట్‌ప్లేస్‌లో బీమా కొనుక్కోవచ్చు. అమ్మగారి గుండె జబ్బు కారణంగా దాన్ని నిరాకరించడానికి గాని, ఎక్కువ ప్రీమియం అడగడానికి గాని ఎవరికీ అధికారం లేదు. ఈ ఒక్క నిబంధన కోసమైనా ఒబామాకేర్‌ను కాపాడుకోవాలని నేను నమ్ముతాను. విజిటర్ వీసాపై వచ్చేవారికి అమ్మే పర్యాటక బీమాలు వేరు, పాత జబ్బులకు వాటిలో రక్షణ నామమాత్రం. గ్రీన్‌కార్డు వచ్చిన తర్వాత కూడా తమ తల్లిదండ్రులకు వాటినే కొనిపెట్టేవారు మనలో ఉన్నారు, మీ అబ్బాయిని అలా చేయవద్దని చెప్పండి.

తుంగభద్ర (టెక్సస్)

అందరి మాటలూ చదివాక ఒక విషయం అడగాలనిపిస్తోంది. 1994లో అధ్యక్షుడు క్లింటన్ ఆరోగ్య బీమా పథకం కూలింది, 2010లో ఒబామాకేర్ 219-212 ఓట్లతో ప్రతినిధుల సభను గట్టెక్కింది, 2017 జూలై 28 తెల్లవారుజామున సెనేట్‌లో మెకెయిన్ బొటనవేలు కిందికి చూపడంతో దాని రద్దు 49-51తో వీగిపోయింది. మూడు సందర్భాల్లోనూ ఉన్నది పోతుందన్న భయమే జనాన్ని కదిలించింది. ఆ భయం ఉన్నంతకాలం కంపెనీ బీమాను ఒక్కసారిగా తీసేస్తామన్న ఏ నాయకుడూ గెలవడు. కనుక కంపెనీ బీమాను తాకకుండానే, కోరుకున్న ప్రతి ఉద్యోగికీ దాన్ని వదులుకుని, కంపెనీ కట్టే వాటాను వెంట తీసుకుని, మెడికేర్ ధరలతో నడిచే ప్రభుత్వ బీమాలో చేరే స్వేచ్ఛ ఇవ్వమని నా కోరిక. ఒబామాకేర్ ముసాయిదాలో ప్రభుత్వ బీమా ఒకటి ఉండేది. 60 ఓట్లు కావలసిన సెనేట్‌లో జో లీబర్‌మన్ ఒప్పుకోకపోవడంతో 2009 డిసెంబరులో దాన్ని తొలగించారు. అక్కడ ఆగిన పనిని మళ్లీ ఎత్తుకోవాలి.

మంజీర (జార్జియా)

కంపెనీ వాటాను వెంట తీసుకుపోయే స్వేచ్ఛకు నా ఓటు ఉంటుంది. 2020 నుంచి యజమాని తన వాటాను పన్ను లేకుండా ఉద్యోగికి ఇచ్చి, అతన్నే బీమా కొనుక్కోమనే వీలు ఇప్పటికే ఉంది. దాన్ని ఎంచుకునే హక్కు యజమానికి కాక ఉద్యోగికి ఇస్తే మీరు కోరింది సగం జరిగినట్టే. మెడికేర్ ధరలకు మాత్రం ఒప్పుకోను. డాక్టర్ గారి ఊళ్లోని ఆసుపత్రి ఆ ధరలతోనే నడవగలదా అన్నది ఆయనే చెప్పాలి.

పల్లె వైద్యుడు (అలబామా)

మెడికేర్ ధరలతో మా ఆసుపత్రికి లాభం రాదు, నిజమే. కాని మా దగ్గర కంపెనీ బీమా ఉన్న రోగులు కొద్దిమందే, ఏ ధరా రాని రోగులు ఎక్కువ. వారందరికీ మెడికేర్ ధర వస్తే ప్రసూతి వార్డు నడుస్తుంది. నష్టపోయేది నగరాల్లోని పెద్ద ఆసుపత్రులు, సెనేటర్ల గదుల ముందు బారులు తీరేదీ వారే.

కొత్త సభ్యురాలు (టెక్సస్)

నమస్కారమండీ. మావారికి ఈ నెలాఖరుతో ఉద్యోగం పోతోంది. ఆయనది హెచ్1బీ, నాకు అయిదో నెల. బీమా విషయంలో ముందుగా ఏం చేయాలో చెప్పగలరా?

కిన్నెరసాని (ఒహాయో)

అమ్మా, కంగారు పడకండి. కంపెనీ బీమా ఏ తేదీతో ఆగుతుందో హెచ్ఆర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, కొన్ని చోట్ల అది నెలాఖరు వరకు ఉంటుంది. కోబ్రా ఎంచుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపు ఎప్పుడు ఎంచుకున్నా, బాకీ ప్రీమియాలు కడితే పాత బీమా ఆగిన రోజు నుంచే రక్షణ వర్తిస్తుంది. కంపెనీ బీమా పోయినందుకు మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి కూడా 60 రోజులే. అక్కడి బీమాలన్నిటిలో ప్రసూతి ఖర్చు తప్పనిసరిగా ఉంటుంది, గర్భవతి అని నిరాకరించడానికి వీల్లేదు. అదనపు సబ్సిడీ పోవడంతో పాత ఆదాయ పరిమితి మళ్లీ వచ్చింది. ఇద్దరున్న కుటుంబానికి 2026 మొత్తం ఆదాయం 84,600 డాలర్లు దాటితే సబ్సిడీ రాదు, అందువల్ల మీవారు ఇప్పటివరకు సంపాదించినది, ఇకపై రాగలది కలిపి అంచనా వేసుకోమనండి. హెచ్1బీ వారికి, హెచ్4పై ఉన్న వారి కుటుంబ సభ్యులకు 2026 వరకే సబ్సిడీ అర్హత ఉంది, 2025 చట్టం ప్రకారం 2027 జనవరి నుంచి అది కూడా పోతుంది. మీ ప్రసవం తేదీకి ఏది మేలో, మీ డాక్టరు ఏ నెట్‌వర్క్‌లో ఉన్నారో చూసి నిర్ణయించాలి. ఆ వివరాలు నాకు విడిగా సందేశంలో పంపండి, ఈ వారాంతంలో ఇద్దరం కలిసి చూద్దాం.